కుక్కకి రాగి బిస్కెట్లు సరే, అందులో కిస్మిస్ ఎందుకు వేశారు?

ప్రశ్న: మాది కావలి. మా ఇంట్లో మాంసం, గుడ్డు వండం. మా లాబ్రడార్ రాకీకి ఆరేళ్లు, బరువు 34 కిలోలు. షాపు బిస్కెట్లలో ఏం కలుపుతారోనని భయమేసి రాగిపిండి, వేరుశనగ పొడి, బెల్లం, రెండు గుప్పెళ్ల కిస్మిస్ వేసి ఇంట్లోనే చేశాను. ఇష్టంగా తిన్నాడు. ఆ రాత్రే ఒకసారి వాంతి, మర్నాడు మరో రెండుసార్లు. ఇప్పుడు అన్నం ముట్టడం లేదు, నీళ్లు మాత్రం తెగ తాగుతున్నాడు. ఒళ్లు వేడిగా ఉందని మెడికల్ షాపులో అడిగి గ్యాస్ మాత్ర, సగం జ్వరం మాత్ర వేశాం. బెల్లం ఎక్కువైందంటారా? దాని బదులు ఖర్జూరం వాడొచ్చా? ఇలాంటి శాకాహార చిరుతిళ్లు ఇంకేమైనా చెప్పండి.

డాక్టర్ సలహా: అమ్మా, ఖర్జూరం సంగతి తర్వాత. ఇంకా చూపించకపోతే ఇది చదవడం ఆపి ముందు రాకీని పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీ మెయిల్ నా దాకా రావడానికే రెండు రోజులు పట్టినట్టుంది, ఇలాంటి వాటికి పోర్టల్‌కి రాసి జవాబు కోసం కూర్చోకూడదు, ఫోన్ ఎత్తాలి.

నన్ను భయపెట్టింది బెల్లం కాదు, కిస్మిస్. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో లెక్క కట్టి చెప్పలేం, గుప్పెడు తిని ఏమీ కానివి ఉన్నాయి, కొద్దిగా తిని కిడ్నీలు ఫెయిలైనవీ ఉన్నాయి, అందుకే ఇంత వరకు ఫర్వాలేదు అని ఏ డాక్టరూ చెప్పడు. సాధారణంగా మొదటిరోజే వాంతులు మొదలవుతాయి, తిండి మానేస్తాయి, నీరసపడతాయి, ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీ దెబ్బ బయటపడుతుంది. దాహం పెరగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం కనిపిస్తే తొందరపడాలి. ఆ తర్వాత మూత్రం తగ్గిపోయిందంటే పరిస్థితి చేయిదాటుతున్నట్టే.

చూడకుండా కిస్మిస్ వల్లే అని నేను రాసివ్వలేను. మన కోస్తాలో పిడుదులు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఉంది, వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టో ఉంది, పాంక్రియాస్ వాపు ఉంది, వీటన్నిటిలోనూ వాంతులు అవుతాయి, తిండి మానేస్తాయి. అందుకే పరీక్షలు. రక్తంలో యూరియా, క్రియాటినిన్, పొటాషియం చూడమనండి, దాంతోపాటు మూత్ర పరీక్ష. ఒక మాట గుర్తుంచుకోండి, కిడ్నీ పనిలో సుమారు నాలుగింట మూడొంతులు పోయాకగానీ క్రియాటినిన్ పెరగదు, కాబట్టి మొదటి రిపోర్టు నార్మల్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవద్దు, రెండు మూడు రోజుల్లో మళ్లీ చేయించాలి. అవసరమైతే సెలైన్ 48 నుంచి 72 గంటలు ఎక్కిస్తారు. ఒక్క బాటిల్ పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్లిపోతామనే వాళ్లను రోజూ చూస్తున్నాను, దయచేసి మీరు ఆ పని చేయకండి.

ద్రాక్షలో ఏముంది అని చాలాకాలం తేలలేదు. 2021లో అమెరికాలో కొందరు పశువైద్యులు టార్టారిక్ ఆమ్లం మీద అనుమానం బయటపెట్టారు, ఇప్పుడు ఎక్కువమంది దాన్నే నమ్ముతున్నారు. ఇది మీకెందుకు చెబుతున్నానంటే అదే ఆమ్లం చింతపండులో ఇంకా ఎక్కువ ఉంటుంది, చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల కేసులూ నమోదయ్యాయి. మీది శాకాహార ఇల్లు కాబట్టి చేపల పులుసు అన్నం పెట్టరు సరే, మిగిలిన పులిహోర పెడతారా? చారన్నం? గుళ్లో ఇచ్చిన చక్కెరపొంగలి కిస్మిస్‌తో సహా? చేపల పులుసు వండే ఇళ్లవాళ్లు కూడా వినండి, అందులో చింతపండు, ఉల్లి, వెల్లుల్లి, ముళ్లు అన్నీ ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి, ఉడికించినా వేయించినా అంతే.

ఇక ఆ మాత్రల సంగతి. ఒళ్లు వేడిగా ఉందన్నారు, థర్మామీటర్ పెట్టి చూశారా? మనకి 98.6 నార్మల్, కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా నార్మలే. చెవి పట్టుకుంటే ఏ కుక్కయినా మనకి వేడిగానే తగులుతుంది. అలా లేని జ్వరానికి మాత్రలు మింగించి తీసుకొచ్చేవాళ్లు నా దగ్గర ఎంతమందో! గ్యాస్ మాత్ర మేమూ రాస్తాం, గొడవ దాంతో కాదు. మీరు వేసింది ఒట్టి పారాసిటమాలే అయితే ఆ సగం మాత్ర 34 కిలోల కుక్కకి పెద్ద డోసు కాదు, దాని గురించి టెన్షన్ పడకండి, కానీ ఇంట్లో పిల్లి ఉండి దానికి ఇలాగే వేసి ఉంటే ప్రాణం పోయేది. కొన్ని ఒంటినొప్పుల మాత్రల్లో పారాసిటమాల్‌తో పాటు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కలిపి ఉంటాయి, అవి కుక్కల్లో కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. వాడికి ఇప్పటికే కిడ్నీ అనుమానం ఉంది. వేసిన మాత్రల స్ట్రిప్‌లు రెండూ పర్సులో వేసుకుని డాక్టర్‌కి చూపించండి, "ఏదో తెల్ల మాత్ర సార్" అంటే మేం చేసేదేమీ లేదు. మెడికల్ షాపు అబ్బాయి మీకు మందు ఇవ్వగలడేమో, రాకీకి ఎలా ఇస్తాడమ్మా?

ఇలాంటివి తిన్నాడని గంటా రెండు గంటల్లోపే తెలిస్తే ఆస్పత్రిలో ఇంజెక్షన్‌తో వాంతి చేయిస్తాం. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించకండి, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

చిరుతిళ్లు అడిగారు కాబట్టి చెబుతాను, కానీ రిపోర్టులు నార్మల్ వచ్చి మీ డాక్టర్ సరేనన్నాకే. కిడ్నీ తేడా ఉంటే వాడి తిండే వేరుగా ఉంటుంది, ఇవేవీ పనికిరావు. రాగిపిండిలో ఉడికించి మెదిపిన గుమ్మడికాయ కలిపి, ఉప్పు, బెల్లం, వంటసోడా ఏమీ లేకుండా చిన్న బిళ్లలు ఒత్తి పెనం మీదో ఓవెన్‌లోనో సన్నటి సెగన గట్టిపడేదాకా కాల్చండి. ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, బీన్స్, గింజ తీసిన పుచ్చకాయ ముక్క కూడా పెట్టొచ్చు. ఖర్జూరం విషం కాదు, కానీ అదీ చక్కెరే, లాబ్రడార్లు అసలే ఊరికే లావెక్కుతాయి. వేరుశనగ కొద్దిగా ఫర్వాలేదు, కాకపోతే మనకి పనికిరావని ఏరి పారేసే పప్పును కుక్కకి పొడి కొట్టకండి. బూజు పట్టిన పప్పులో ఆఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాల్చినా పూర్తిగా పోదు, లివర్‌ని తినేస్తుంది. పీనట్ బటర్ కొంటే డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి, కుక్కలకి విషం) అని ఉందేమో చూడండి, ఉంటే ఇంటికే తీసుకురావద్దు.

మాంసం లేకుండా కుక్కని పెంచొచ్చా అని మీరు అడగలేదు గానీ, పెంచొచ్చు, పిల్లిని మాత్రం కుదరదు. ఒట్టి పెరుగన్నంతో అయితే కుక్కకీ సరిపోదు, ప్రొటీన్, విటమిన్లు లెక్క చూసి పెట్టాలి. అది ఇక్కడ రాస్తే తెగదు, రాకీ కోలుకున్నాక మీ డాక్టర్‌తో కూర్చుని రాయించుకోండి.

బిస్కెట్ల లెక్క ఒక్కటి చెప్పేస్తాను. మీవాడి సైజుకి రోజుకి సుమారు 1400 క్యాలరీలు కావాలి, అందులో చిరుతిండి పదోవంతు దాటకూడదు, అంటే 140. పది గ్రాముల రాగిపిండికే 30 పైన ఉంటాయి, కాబట్టి ఆ సైజు బిళ్లలు నాలుగు, అంతే, తోక ఊపినా సరే. మన సముద్రం గాలికి రెండు రోజుల్లో మెత్తబడి బూజు పడతాయి, వారానికి సరిపడా చేసి డబ్బాలో పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, తెల్లగా ఏం కనిపించినా దులిపి పెట్టకుండా పారేయండి.