టెక్ సందేహాలు: ఒకే పాట, నాలుగు ఫైళ్లు, ఇద్దరు రే చార్లెస్‌లు

మా మేనమామ ఓడల మీద పనిచేసేవారు. ఆయన తెచ్చిన ఎల్పీల్లో (పెద్ద గ్రామఫోన్ రికార్డుల్లో) అమెరికా అంధ పియానిస్టు, గాయకుడు రే చార్లెస్‌వే 30 దాకా ఉన్నాయి. యూఎస్‌బీ టర్న్‌టేబుల్‌తో అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇప్పుడు ఒకే పాట నాలుగైదు చోట్ల, రకరకాల సంవత్సరాలతో కనిపిస్తోంది. డూప్లికేట్లు ఏరేసే మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి. జానర్ (సంగీతం రకం) గడిలో సోల్ అని రాయాలా, జాజ్ అని రాయాలా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

ముందు డిలీట్ బటన్ మీంచి చెయ్యి తీయండి. రే చార్లెస్ రికార్డుల్లో పేరు ఒకటే అయినంత మాత్రాన పాట ఒకటే అనుకోవడానికి లేదు. 'వాట్‌డ్ ఐ సే'నే చూడండి. 1959 ఫిబ్రవరిలో అట్లాంటిక్ కంపెనీ న్యూయార్క్‌లో దాన్ని రికార్డు చేసింది. ఆరు నిమిషాలు దాటిన పాట, అప్పటి సింగిల్‌కి (వైపుకో పాట పట్టే చిన్న రికార్డుకి) మరీ పొడుగు. అందుకని రెండు ముక్కలు చేసి ఒక వైపు పార్ట్ 1, రెండో వైపు పార్ట్ 2 వేసి అమ్మారు. ఎల్పీలో మొత్తం ఒక్కటిగానే వచ్చింది. అదే ఏడాది మే నెలలో అట్లాంటాలో కచేరీ చేస్తూ మళ్లీ పాడాడు. అది 1960లో 'ఇన్ పర్సన్' ఎల్పీలో వచ్చింది. నాలుగు ఫైళ్లు, నాలుగూ వేరు. డూప్లికేట్ క్లీనర్‌కి ఇదంతా ఎక్కదు. నేను ఒకసారి ఘంటసాల పద్యాల కేసెట్లు ఎక్కించి, పేర్లు కలిశాయి కదా అని అలాంటి సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పాను. ఆలాపన పూర్తిగా ఉన్న ప్రతిని అది నిక్షేపంగా ఊడ్చేసింది.

మీ జాబితా ఆల్బమ్‌ల వారీగా ఉండటంతోనే ఈ చిక్కంతా. జాజ్ రికార్డుల జాబితాలు రాసేవాళ్లు మొదటి నుంచీ సెషన్ల వారీగానే రాస్తారు: ఏ రోజు, ఏ ఊళ్లో, ఎవరెవరు వాయించారు అని. మీరూ అదే పని చేయండి. ట్యాగుల (ఫైల్లోనే దాగి ఉండే పాట పేరు, సంవత్సరం లాంటి వివరాల) జోలికి వెళ్లకముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. పాట పేరు, రికార్డయిన తేదీ, ఊరు, నిడివి, మొదట విడుదలైన సంవత్సరం ఒక పక్క రాయండి. మీ చేతిలో ఉన్న డిస్కు కంపెనీ, కేటలాగ్ నంబరు, ముద్రణ సంవత్సరం ఇంకో పక్క రాయండి. ఈ రెండు పక్కల్నీ కలపకూడదు.

కలిపేస్తే ఏమవుతుందో చెప్తాను. 'ఐ గాట్ ఎ ఉమన్' 1954 నవంబరులో అట్లాంటాలోని ఒక రేడియో స్టేషన్ స్టూడియోలో రికార్డయింది. సింగిల్ ఆ ఏడాది చివర్లో, ఎల్పీ 1957లో వచ్చాయి. ఆ ఎల్పీనే తర్వాత 'హల్లెలూయా ఐ లవ్ హర్ సో' అని పేరు మార్చి మళ్లీ వదిలారు. మీ మేనమామ రెండూ కొని ఉంటే అట్టలు రెండు, సరుకు ఒకటే! ఇంకో తిరకాసు ఉంది. 1959 చివర్లో రే చార్లెస్ ఏబీసీ-పారమౌంట్ అనే రికార్డుల కంపెనీకి మారిపోయాడు. కానీ పాత టేపులు అట్లాంటిక్ దగ్గరే ఉన్నాయి కాబట్టి వాళ్లు వదులుతూనే పోయారు. జాజ్ వాద్యకారుడు మిల్ట్ జాక్సన్‌తో వాయించిన 'సోల్ మీటింగ్' 1961లో బయటికొచ్చింది, లోపలున్నది మాత్రం 1950ల నాటి వాయిద్యం. అదే 1961లో 'జీనియస్ + సోల్ = జాజ్' వచ్చింది, అది 1960 డిసెంబరు చివర్లో చేసిన రికార్డింగ్. విడుదల సంవత్సరాన్ని పట్టుకుని వరుసపెడితే ఈ రెండూ పక్కపక్కన చేరతాయి.

ఇక సాఫ్ట్‌వేర్. మ్యూజిక్‌బ్రెయిన్జ్ (పాటల వివరాల ఆన్‌లైన్ భాండాగారం) వాళ్ల ట్యాగింగ్ సాఫ్ట్‌వేర్ పికార్డ్ ఉచితం, తెలుగు ట్యాగుల్ని కూడా చెడగొట్టదు. ఎల్పీ ఒక వైపంతా ఒకే ఫైలుగా ఎక్కించి ఉంటే ముందు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పాటకో లేబుల్ పెట్టి విడగొట్టండి. తర్వాత పికార్డ్‌లో 'స్కాన్' నొక్కితే పాట ధ్వనిని బట్టి గుర్తుపడుతుంది. అయితే అది వినేది మొదటి రెండు నిమిషాలే, దాంతోపాటు నిడివి చూస్తుంది. పార్ట్ 1కీ పూర్తి పాటకీ మొదలు ఒక్కటే కదా, అక్కడ తడబడొచ్చు. నిడివి మీరే సరిచూసుకోండి.

చేతిలో ఉన్నది ఏ ముద్రణో తేలకపోతే అట్టను నమ్మొద్దు. పాటలయ్యాక, మధ్య కాగితానికి ముందు నున్నటి నల్లటి అంచు ఉంటుంది చూశారా, అక్కడ గీసిన అంకెలుంటాయి. ఫోన్ టార్చి పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేయండి, గీతలు తెల్లగా లేస్తాయి. ఆ నంబరు రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో కొడితే ముద్రణ చాలావరకు దొరుకుతుంది.

రెండు చిన్న జాగ్రత్తలు. 'వాట్‌డ్' (What'd)లోని అపాస్ట్రఫీ గుర్తు ఒక ఫైల్లో నిటారుగా, ఇంకోదాంట్లో వంపుగా ఉంటే కొన్ని ప్లేయర్లు రెండు పాటలుగా లెక్కేస్తాయి. ఒకే రకంగా మార్చేయండి. రెండోది, అమెరికాలో రే చార్లెస్ పేరుతో ఒక బృందగాన నిర్వాహకుడు కూడా ఉండేవాడు. 'రే చార్లెస్ సింగర్స్' అని కనిపిస్తే అది ఆయన బృందం, మన అంధ పియానిస్టు కాదు. మనవాడి పూర్తి పేరు రే చార్లెస్ రాబిన్సన్. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్‌తో తికమక రాకూడదని ఇంటిపేరు వదిలేశాడు, ఇలా ఇంకో తికమకలో పడ్డాడు.

జానర్ గడిలో సోల్ అని రాయాలా, జాజ్ అని రాయాలా అని కూడా అడిగారు. ఫ్లాక్ (ధ్వని నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) ఫైళ్లలో రెండూ పెట్టొచ్చు. 'జీనియస్ + సోల్ = జాజ్'లో ఆయన హామండ్ ఆర్గాన్ వాయించాడు, పది పాటల్లో గొంతు విప్పింది రెంటిలోనే. మరుసటి ఏడాది కంట్రీ పాటల ఎల్పీ చేశాడు. ఆ గడి దగ్గర టెన్షన్ పడకండి, నేనైతే ఖాళీగా వదిలేస్తాను.

పెన్‌డ్రైవ్‌లో తెలుగు పాటల పేర్లు కారులో గళ్లుగా కనిపిస్తున్నాయి. కొన్ని ప్రశ్న గుర్తులుగా వస్తున్నాయి. ఎందుకు? – ఖమ్మం పాఠకురాలు

ఆ రెండూ వేరే జబ్బులు. గళ్లు వస్తే ట్యాగ్ బాగానే ఉంది, కారు స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదు. దానికి మీరు చేయగలిగింది తక్కువ. పెన్‌డ్రైవ్ కాపీలో మాత్రం పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి, కంప్యూటర్లోవి తెలుగులోనే ఉంచండి. ప్రశ్న గుర్తులు వస్తే అదే పాటను కంప్యూటర్లో తెరిచి చూడండి. అక్కడా ప్రశ్న గుర్తులే ఉంటే, ఏదో పాత సాఫ్ట్‌వేర్ సేవ్ చేసేటప్పుడే తెలుగును పోగొట్టింది. మళ్లీ టైపు చేయక తప్పదు. కంప్యూటర్లో తెలుగు సరిగ్గా కనిపిస్తే ట్యాగులు మార్చే ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఐడీ3వీ2.3 (ట్యాగ్ పద్ధతి), యూటీఎఫ్-16 (అక్షరాలు దాచే పద్ధతి) ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. పాత స్టీరియోలు ఎక్కువగా చదివేది దాన్నే.

ఎల్పీలు ఎక్కించేటప్పుడు ఎంపీ3 చాలా? – గుంటూరు పాఠకుడు

చాలదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఫ్లాక్‌గా దాచుకోండి. ఫోన్‌కి కావాలంటే దాన్నుంచి ఎంపీ3 ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఎక్కించే ముందు సూది మొన మీద దుమ్ము ఉందేమో చూడండి, మెత్తని కుంచెతో వెనక నుంచి ముందుకే తుడవాలి.