ఏ పువ్వుకు ఏ పురుగు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: కాపు నిలవాలంటే తేనెటీగల పెట్టె కొనాలా? కొన్ని పంటలకు కొనాలి, చాలా వాటికి అక్కర్లేదు. మీ పువ్వు ఎన్ని గంటలకు విచ్చుకుంటోంది, ఆ వేళకు దాని మీద ఎవరు వాలుతున్నారు అన్నది రెండు రోజులు దగ్గరుండి చూడండి. ఖర్చు సంగతి ఆ తర్వాత.

ప్రశ్న: డాబా మీద గ్రో బ్యాగుల్లో బీర, సొర పాదులు పెట్టాను. పందిరి నిండా పూలే. పిందెలు మాత్రం వేలెడు కాకుండానే పసుపు తిరిగి రాలిపోతున్నాయి. తేనెటీగలు ఎక్కడా కనిపించవు. చిన్న పెట్టె ఒకటి పెట్టుకోమంటారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: వద్దండి. ఈ రెండు పాదులకూ పెట్టె వల్ల పెద్దగా లాభం లేదు. బీర పువ్వు సాయంత్రం నాలుగైదు గంటలకు విచ్చుకుంటుంది, సొర పువ్వు పొద్దుగూకే వేళకు. తేనెటీగలు అప్పటికి గూటికి మళ్లుతుంటాయి. సొర తెల్లపూలను వెతుక్కుంటూ వచ్చేవి రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగులు. నగరంలో, పై అంతస్తులో, రాత్రంతా లైటు వెలిగే డాబా మీదికి అవి రావడం తక్కువ. వచ్చినా పువ్వును వదిలి బల్బు చుట్టూ తిరుగుతాయి. ముందు ఆ లైటు ఆర్పండి.

ఇక చేత్తో పరాగం అద్దడం. ఆడ పువ్వు అడుగున బుల్లి పిందె ఉంటుంది, మగ పువ్వుకు ఉత్త కాడే. పాదు మొదట పది, పదిహేను రోజులు మగ పూలే పూస్తుంది, కంగారు పడకండి. ఆ సాయంత్రమే విచ్చుకున్న మగ పువ్వును కోసి, రేకులు తీసేసి, పసుపు పొడి ఉన్న కేసరాలను ఆడ పువ్వు మధ్యలోని కీలాగ్రానికి అద్దాలి. కీలాగ్రానికి మూడు తమ్మెలుంటాయి. మూడింటికీ పొడి అంటాలి. ఒక వైపే అంటితే ఆ వైపు గింజలే కడతాయి, కాయ వంకర తిరుగుతుంది, లేదా ఒక కొస సన్నబడి ఉండిపోతుంది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకు సరిపోతుంది. బీరకు సాయంత్రం ఐదు నుంచి ఏడు, సొరకు ఆరున్నర తర్వాత మంచి వేళ. గుమ్మడికి, కాకరకు, దోసకు ఇది తలకిందులు. అవి తెల్లవారుజామున విచ్చుకుంటాయి కాబట్టి ఎనిమిదిలోపు అద్దేయాలి. తడి పూల మీద చేయకండి, పొడి ఉండకడుతుంది.

ఇలా చేశాక కూడా పిందెలు రాలితే ఒకదాన్ని కోసి చూడండి. లోపల తెల్ల పురుగులుంటే అది పండు ఈగ పని. దానికి మందు కొట్టే బదులు, పరాగం అద్దిన మర్నాడే పిందెకు కాగితపు సంచి తొడగండి. ఎండలు ముదిరినా, నత్రజని ఎక్కువ వేసినా మగ పూలు పెరిగి ఆడ పూలు తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కాస్త నీడ ఇవ్వండి, యూరియా ఆపండి.

ప్రశ్న: నాలుగెకరాల్లో పొద్దుతిరుగుడు వేశాను. పోయినసారి పూలు పళ్లేలంత వచ్చాయి కానీ సగం తాలు గింజలే. ఎకరానికి ఎన్ని పెట్టెలు పెట్టాలి? పక్క చేనువాళ్లు మందు కొడితే ఎలా? (ఒక రైతు, నంద్యాల జిల్లా)

జవాబు: ముందు తాలు ఎక్కడ ఉందో చూడాలి. పొద్దుతిరుగుడు పువ్వు నిజానికి వందల చిన్న పూల గుంపు. అవి అంచు నుంచి మధ్యకు రోజుకు కొన్ని వరసల చొప్పున, వారం పది రోజుల పాటు విచ్చుకుంటాయి. ఒక్కో చిన్న పువ్వు మొదటి రోజు పుప్పొడి ఇస్తుంది, మర్నాటికి కీలాగ్రం బయటికి వస్తుంది. తన పొడి తనకు సరిగా పనికిరాదు, వేరే మొక్కది కావాలి. అందుకే మధ్యలో రెండు రోజులు ముసురు పట్టి తేనెటీగలు రాకపోతే, ఆ రెండు రోజుల వరసలు మాత్రమే వలయంలా తాలుపోతాయి. అంచులు నిండి నడిమి భాగం మొత్తం తాలైతే, ఈగల కంటే ముందు గింజ గట్టిపడే దశలో నీటి ఎద్దడిని, బోరాన్ లోపాన్ని అనుమానించండి. ఆకర్షక పత్రాలు, అంటే చుట్టూ ఉండే పసుపు రేకులు, విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తారు.

పెట్టెల విషయం: ఐరోపా తేనెటీగలైతే ఎకరానికి 2 పెట్టెలు, ఒక్కోదానిలో 8 చట్రాల (ఈగలు పట్టు కట్టే చెక్క ఫ్రేముల) నిండా ఈగలుండాలి. మూడు చట్రాల బలహీనమైన పెట్టెలు నాలుగు పెట్టినా అంత పని జరగదు. అందులో ఈగలు పిల్లల పెంపకానికే సరిపోతాయి, మేతకు వెళ్లేవి తక్కువ. చేనులో నూటికి ఐదు నుంచి పది పూలు విచ్చుకున్నాకే పెట్టెలు దించండి. ముందే తెస్తే ఈగలు గట్ల మీది వేరే పూలకు అలవాటు పడతాయి, ఆ అలవాటు ఒక పట్టాన మానవు. నాలుగెకరాలకు ఎనిమిది పెట్టెలనూ ఒకే మూల పేర్చక, రెండు చోట్ల, ద్వారం తూర్పుకు ఉండేలా, మధ్యాహ్నపు నీడలో పెట్టండి. దగ్గరలో గులకరాళ్లు వేసిన లోతు తక్కువ పళ్లెంలో నీళ్లుండాలి. రాళ్లు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి మార్చండి, దోమలు పెరగవు.

పెట్టెలు దొరక్కపోతే, పూత దశలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, రోజు విడిచి రోజు, చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని ఒక పువ్వు తర్వాత ఒకటి సున్నితంగా రుద్దుకుంటూ వెళ్లాలి. కూలీ ఖర్చు తప్పదు గానీ గింజ నిండుతుంది.

పక్క చేను మందు గురించి ముందే మాట్లాడుకోండి. తప్పనిసరైతే సాయంత్రం ఆరు తర్వాత కొట్టమనండి. పొడి మందు వద్దే వద్దు. ఈగ వెంట్రుకలకు అది పుప్పొడిలా అంటుకుని గూటిలో పిల్లల దాకా చేరుతుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ రకం మందులు మొక్క రసంలో కలిసి మకరందంలోకీ పుప్పొడిలోకీ వస్తాయి కాబట్టి, సాయంత్రం కొట్టినా మర్నాడు ప్రమాదమే. ఐరోపా సమాఖ్య 2018లో వీటినీ క్లోథియానిడిన్‌నూ ఆరుబయట పంటల మీద నిషేధించింది. మందు కొట్టే రోజు పెట్టెలు మూయాల్సి వస్తే, ముందు రాత్రే ద్వారానికి తీగ వల బిగించి, పైన తడి గోనె కప్పండి. చెక్కతో గాలాడకుండా మూస్తే మధ్యాహ్నానికి మైనం మెత్తబడి పట్లు కూలిపోతాయి. ఒక్క రోజుకు మించి మూసి ఉంచకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు సన్‌షేడ్ కింద పెద్ద తేనెతుట్టె పట్టింది. పిల్లలున్నారు. పొగ పెట్టి తీయించేద్దామని కమిటీ అంటోంది. (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: కమిటీని కొన్నాళ్లు ఆపండి. ఇది పెట్టెల్లో పెరిగే రకం కాదు, కొండ తేనెటీగ. ఆరుబయట ఒకే ఒక్క పెద్ద పట్టు కట్టి, వేల ఈగలు దాన్ని తెరలా కప్పి ఉంటాయి. ఇవి వలస జీవులు. చుట్టుపక్కల చెట్ల పూత అయిపోతే కొన్ని నెలల్లో వాటంతట అవే పట్టు వదిలి వెళ్లిపోతాయి. కదిలించకపోతే మనిషి జోలికి రావు.

కదిలించేవి ఏమిటో అందరికీ చెప్పండి: కింద చెత్త తగలబెట్టిన పొగ, టపాకాయలు, గాలిపటాల దారం, రాళ్లు, డ్రోన్ కెమెరా. తేనె గద్ద వచ్చి పట్టును తన్నినా అవి రేగుతాయి. ఆ వైపు బాల్కనీల్లో రాత్రి లైట్లు ఆర్పేసి, కిటికీలకు దోమల వల బిగించండి. లైటుకు వచ్చిన ఈగలే ఇళ్లలో కుడతాయి.

పురుగుమందు కొట్టించడం అన్నిటికంటే చెడ్డ పని. విషం కలిసిన తేనె కోసం ఊళ్లోని మిగతా ఈగలు దోపిడీకి వచ్చి చస్తాయి, ఆ తేనెను తెలియక మనుషులూ పిండుకుంటారు. పట్టు బడి గేటు మీదో మెట్ల దారిలోనో ఉండి తప్పనిసరైతే, ఒంటి నిండా రక్షణ దుస్తులున్న, పని తెలిసిన వాళ్ల చేత రాత్రిపూట, ఆ వైపు ఇళ్లన్నీ మూయించి తీయించండి. ఈగలు వాటంతట అవి వెళ్లిపోయాక మైనం మరకలు మిగలకుండా గీకి రంగు వేయండి. ఏటేటా అదే చోటుకు తిరిగి రావడం వీటి అలవాటు. మళ్లీ రాకూడదంటే ఖాళీగా ఉన్నప్పుడే అక్కడ వల కట్టాలి.

ఎవరినైనా కుడితే: ముల్లును గోటితోనో కార్డుతోనో వెంటనే గీకేయండి. ఎలా తీశారన్న దానికంటే ఎంత త్వరగా తీశారన్నది ముఖ్యం, తెగిపడిన విషపు సంచి ఇంకా విషం దించుతూనే ఉంటుంది. కుట్టిన చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకు అదే పిలుపు. కాబట్టి అక్కడే నిలబడి చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకోవాలి. నీళ్లలో దూకితే పైన కాచుకునే ఉంటాయి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా ఒక్క కాటే కదా అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. చాలా కాట్లు పడితే ఇవేవీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ప్రశ్న: ఆయిల్‌పామ్ తోటకు మూడేళ్లు దాటాయి. గెలలు వస్తున్నాయి గానీ సన్నటి, పప్పులేని కాయలు ఎక్కువ. కొన్ని గెలలు కుళ్లుతున్నాయి. (ఒక రైతు, సత్తుపల్లి)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పరాగసంపర్కం చాలనప్పుడు కనిపించేవే. ఆయిల్‌పామ్‌ను తేనెటీగ కాదు, నల్లటి బుల్లి ముక్కు పురుగు ఫలదీకరిస్తుంది. ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి దీన్ని 1981లో మలేసియాకు, 1985లో మన దేశానికి తెచ్చారు. ఒకే చెట్టుకు మగ గెల, ఆడ గెల, అంటే మగ పూల గుత్తి, ఆడ పూల గుత్తి, వేర్వేరు కాలాల్లో వస్తాయి కాబట్టి పుప్పొడి మరో చెట్టు నుంచే రావాలి. మగ గెల సోంపు లాంటి వాసనతో పురుగును పిలుస్తుంది. ఆడ గెల కూడా కాసేపు అలాంటి వాసనే ఇస్తుంది, దానికి మోసపోయి వచ్చిన పురుగుల ఒంటి మీది పొడే మీ పంట.

లేత తోటలో ఆడ గెలలు ఎక్కువ, మగ గెలలు తక్కువ. పురుగు గుడ్లు పెట్టి పెరిగేది మగ గెలల్లోనే. అంటే పురుగులకు ఇల్లు లేదు. దగ్గరలోని ముదురు తోటలో, విచ్చుకుని మూడు నాలుగు రోజులైన మగ గెలలను సంచి తొడిగి కోసి తెచ్చి, మీ తోటలో అక్కడక్కడా మట్టల మధ్య ఉంచండి. వాటిలోని పిల్ల పురుగులు రెండు వారాల్లో పెద్దవై బయటికొస్తాయి. ఒకసారితో ఆపక, మీ చెట్లకే మగ గెలలు బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తెండి. తెచ్చే తోటలో తెగుళ్లు లేవని చూసుకోండి. పూత అయిన మగ గెలలను శుభ్రత పేరుతో నరికి కాల్చకండి. ఎలుకలను కట్టడి చేయండి, మగ గెలల్లోని పిల్ల పురుగులను అవి తింటాయి. భారీ వానల తర్వాత కొన్నాళ్లు గెల తగ్గడం మామూలే. పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ వాళ్లను అడిగితే మీ తోటకు ఎన్ని గెలలు తేవాలో చెబుతారు.

ప్రశ్న: మగ తేనెటీగకు తండ్రి ఉండడని మా సైన్సు టీచర్ చెప్పారు. నిజమేనా? (పదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట)

జవాబు: నిజమేనమ్మా. రాణి ఈగ ఫలదీకరణ చెందిన గుడ్డు పెడితే ఆడ ఈగ, చెందని గుడ్డు పెడితే పోతుటీగ పుడుతుంది. అందుకే కూలీ ఈగలో, అంటే గూటి పనులు చేసే ఆడ ఈగలో, 32 క్రోమోజోములుంటే పోతుటీగలో 16 మాత్రమే. తండ్రి లేడు గానీ తల్లికి తండ్రి ఉన్నాడు కనుక తాతయ్య ఉంటాడు! యాన్ జీర్జోన్ అనే పోలండ్ మతగురువు 1845లో ఈ సంగతి ప్రతిపాదించాడు. పెట్టెలు పెంచేవాళ్లకు దీనితో రోజూ పని ఉంది. రాణి చనిపోయి చాలాకాలమైతే కూలీ ఈగలే గుడ్లు పెడతాయి. అవి జతకట్టినవి కావు కాబట్టి ఆ గుడ్ల నుంచి పోతుటీగలే వస్తాయి, పని చేసేవాళ్లు లేక పెట్టె నశిస్తుంది. ఒక్కో గదిలో ఒకటికి బదులు నాలుగైదు గుడ్లు అడ్డదిడ్డంగా కనిపిస్తే గుర్తు అదే.

ప్రశ్న: నల్లటి గండు తుమ్మెదలు మా పాత ఇంటి దూలానికి తొర్రలు పెడుతున్నాయి. మరోవైపు గులాబీ ఆకులను ఏదో గుండ్రంగా కత్తిరిస్తోంది. రెండిటికీ ఒకే మందు చెప్పండి. (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: రెండిటికీ మందు వద్దమ్మా, ఇద్దరూ మీ పెరటి పనివాళ్లే. తుమ్మెద కర్రను తినదు, పిల్లల కోసం సొరంగం తొలుస్తుంది. వంగ పువ్వులో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచే బయటికి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు వణికిస్తే అది రాలుతుంది. పెట్టెల్లో పెరిగే తేనెటీగలకు ఆ విద్య రాదు. దూలాన్ని కాపాడుకోవాలంటే వార్నిషో పెయింటో వేయండి, తుమ్మెదలు రంగు వేయని చెక్కనే ఎంచుకుంటాయి. పాత రంధ్రాలను పిల్లలు వెళ్లిపోయాక రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చండి. బదులుగా, ఒక చివర కణుపుతో మూసుకుని ఉన్న ఎండు వెదురు ముక్కలను, బొటనవేలు దూరేంత రంధ్రమున్నవి, వాన తగలని చోట అడ్డంగా కట్టండి.

గులాబీ ఆకు కోసేది ఆకు కత్తిరించే ఒంటరి ఈగ. ఆ ముక్కలు చుట్టి గుడ్డుకు గది కడుతుంది. మొక్కకు నష్టం లేదు, పెరట్లో కందికి, చిక్కుడుకు మేలు. దీనికి కావలసింది 6 నుంచి 10 మిల్లీమీటర్ల సన్న రంధ్రాల బోలు కాడలు, జానెడు పొడవు. తుమ్మెద వెదురు పక్కనే ఒక కట్ట వేలాడదీయండి. ఏడాదికోసారి కాడలు మార్చండి, లేకపోతే బూజు, పరాన్నజీవులు చేరతాయి. ఆకు ముక్కలతో మూసి ఉన్న కాడలను మాత్రం పిల్లలు బయటికి వచ్చేదాకా పారేయకండి.