కృప మీద ఆనుకుంటూనే పరిశుద్ధత కోసం పాటుపడటం ఎలా?

రక్షణ కృప వల్లే, అంటే అర్హత లేకున్నా దేవుడు చూపే దయ వల్లే దొరికితే ఇక మన కష్టం దేనికని చాలామంది విశ్వాసులు అడుగుతారు. ఫిలిప్పీ 2:12–13 రెండింటినీ కలిపే చెబుతుంది: మీ రక్షణను కొనసాగించుకోండి, ఎందుకంటే "మీలో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే". ఆ "ఎందుకంటే" అన్న మాటే కీలకం. ఆయన పనిచేస్తున్నాడు కాబట్టే మనం పాటుపడగలం.

పాకాల చెరువు కింది రైతును చూడండి. నీళ్లు అతను పుట్టించలేదు. అయినా కాలువలో పూడిక తీయకపోతే మడి ఎండుతుంది. ప్రార్థన, వాక్యం, సంఘ సహవాసం ఆ పూడికతీత లాంటివి. నీళ్లు దేవుని కృప, ఈ పనులు కావు.

"పాపిని" అని మొత్తంగా కాదు, ఒక్క పాపాన్ని పేరుపెట్టి ఒప్పుకోండి. పని నుంచి వస్తూ బెల్టు షాపు దగ్గర కాళ్లు ఆగుతుంటే దారి మార్చండి. కూలి డబ్బులు నేరుగా ఇంట్లో చేరేలా చూడండి. సంఘంలో నమ్మకమైన ఒకరికి చెప్పి, వారానికోసారి అడగమనండి. రోమా 8:13 పాపపు పనులను "ఆత్మచేత", అంటే దేవుని ఆత్మ సాయంతో చంపమంటుంది, కాబట్టి ఆ సాయాన్ని పాపంలో పడ్డాక కాదు, ఆ మలుపు రాకముందే అడగాలి.

ఎక్కువమంది దెబ్బతినేది పాపంలో పడిన తర్వాతే. మూడు రోజులు ఉపవాసముండి, అర్హత వచ్చాక మందిరానికి వస్తామంటారు. అది కృపను కొనబోవడమే. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 నమ్మి ఆ రాత్రే ఒప్పుకోండి, ఆదివారం మానకండి. "కృప ఉందిలే" అని మళ్లీ అటే వెళ్లేవారికి రోమా 6:1–2 జవాబు: కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోకూడదు.