మంచు కరిగి బయటపడే పురాతన క్రిముల వల్ల వరంగల్ ప్రాంతానికి ముప్పు ఉందా?

ముప్పు నిజమే గానీ, అది సైబీరియా వంటి ధ్రువ ప్రాంతాల్లో పశువులు మేపుకునే వారికే ఎక్కువ. వరంగల్, కరీంనగర్ వైపు ఉండే మనకు ఆ మంచు నుంచి నేరుగా వచ్చే ప్రమాదం చాలా తక్కువ.

గడ్డకట్టిన నేలలో చలి, చీకటి, ఆక్సిజన్ లేమి కలిసి కొన్ని సూక్ష్మజీవులను చెడిపోకుండా కాపాడతాయి. అయితే అన్నీ ఒకేలా తట్టుకోలేవు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కలిగించే బాక్టీరియా మాత్రం గట్టి పొర గల సిద్ధబీజాలుగా మారి, మట్టిలో దశాబ్దాల పాటు నిద్రాణంగా ఉండి, పశువు శరీరంలోకి చేరగానే మళ్లీ పెరగగలదు.

2016 వేసవిలో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో ఇదే జరిగింది. ఎండలు అసాధారణంగా ముదిరి నేల పైపొర లోతుగా కరగడంతో పాత కళేబరాల నుంచి సిద్ధబీజాలు బయటపడ్డాయని భావిస్తున్నారు. రెండు వేలకు పైగా ధ్రువపు జింకలు చనిపోయాయి, పన్నెండేళ్ల బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. అక్కడ జింకలకు టీకాలు వేయడం 2007లోనే ఆపేశారన్నది ఇక్కడ మరువరాని విషయం.

వేల ఏళ్ల నాటి వైరస్ ఏది మేల్కొన్నా మనుషులపై పడుతుందన్నది చాలామంది అపోహ. సైబీరియా మంచు నుంచి తీసి 2014లో ప్రకటించిన, ముప్పై వేల ఏళ్ల నాటి పిథోవైరస్ అమీబాలకే సోకుతుంది. దొమ్మ రోగానికి మంచుతో పనే లేదు: 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు దానితో చనిపోయాయి. కాబట్టి ఇక్కడి గొర్రెల కాపరి జాగ్రత్తపడాల్సింది తన మేతభూమి మట్టి విషయంలోనే. హఠాత్తుగా చచ్చిన జీవాన్ని కోయకుండా పశువైద్యుడికి చెప్పాలి.