చేపలుండేది నీళ్లలోనేగా, మరి చేపల చెరువులతో కొల్లేరు ఎలా పాడవుతుంది?

పాడు చేసేది చేప కాదు, మనం వేసే మేత, కట్టే గట్లు. తవుడు, నూనెగింజల చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, చెరువులో కర్రలకు కడతారు. తినగా మిగిలింది అడుక్కి చేరి కుళ్లుతుంది. ఆ కుళ్లే ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అదే. ఆ నీళ్లను సరస్సులోకి తోడేస్తే గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది.

గట్లది ఇంకా పెద్ద నష్టం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలడం కొల్లేరు పని. గట్లు అడ్డుపడితే ఊళ్లు మునుగుతాయి. 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తును చూపే గీత) లోపలి చెరువులను ప్రభుత్వం కొట్టేసింది.

ఆ గీత బయట సాగు చేసేవాళ్లు మేత కొలిచి వేయాలి, నీటిని వేరే గుంటలో తేర్చాకే వదలాలి. గట్లు మాత్రం సరస్సులో ఉండకూడదు, అందులో రాజీ లేదు.