అమ్మానాన్నల కోసం బేస్‌మెంట్‌లో గది: ఇప్పుడే కట్టించాలా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. హెచ్1బీ మీద నా ఒక్కడి జీతమే. ఇద్దరు పిల్లలు. వచ్చే మే నెలలో అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఖాళీ బేస్‌మెంట్‌లో వాళ్ళకి బెడ్‌రూమ్, బాత్‌రూమ్, చిన్న హాలు వేయిద్దామని ఉంది. కాంట్రాక్టర్ 42,000 డాలర్లు అడిగాడు: గదికి 20,000, బాత్‌రూమ్‌కి 14,000, హాలుకి 8,000. పర్మిట్ వద్దంటే 3,000 తగ్గిస్తాడట. బ్యాంకులో 30,000 ఉంది. ఇంటి ఖర్చు నెలకి 5,000, మిగిలేది 1,800. ఉన్నదంతా పెట్టి, తక్కువ పడినదానికి 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసుకోవచ్చా?

జవాబు: ఆ 30,000 ముట్టుకోకండి. అది మీ ఇంటి ఆరు నెలల ఖర్చు. ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్ళకి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. రెంటికీ చేతిలో డబ్బుండాలి.

401కె లోన్ కూడా మీకు వద్దు. ఖాతాలో మీ సొంతమైన మొత్తంలో సగం, లేదా 50,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతవరకు ఇస్తారు. ఐదేళ్ళలో తీర్చాలి. వడ్డీ మీ ఖాతాకే వస్తుంది కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఉద్యోగం మానేస్తే మిగిలిన బాకీని చాలా ప్లాన్లు వెంటనే కట్టమంటాయి. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే దాన్ని ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు. 59½ ఏళ్ళు నిండకపోతే పైన 10 శాతం పెనాల్టీ. అంటే జీతం ఆగిన సమయంలోనే అప్పూ మీద పడుతుంది.

ఇక కొటేషన్. ఆ 20,000లో ఎగ్రెస్ విండో ఉందో లేదో ముందు అడగండి. బేస్‌మెంట్‌లో ఎవరైనా పడుకోవాలంటే, అగ్నిప్రమాదం జరిగితే మనిషి దూరి బయటపడేంత కిటికీ గానీ, నేరుగా బయటికి తలుపు గానీ ఉండాలి. కిటికీ తెరుచుకునే చోట కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకి మించకూడదు. ఇప్పుడున్నది పైకప్పు దగ్గరి చిన్న కిటికీ అయితే కాంక్రీటు గోడ కొయ్యాలి, బయట గొయ్యి తవ్వాలి. అదే పెద్ద ఖర్చు. పర్మిట్ వద్దన్నాడంటే ఈ పనినే ఎగ్గొడుతున్నాడేమో అని నా అనుమానం. పర్మిట్ లేని గదిని రేపు ఇల్లు అమ్మేటప్పుడు బెడ్‌రూమ్‌గా చూపించడం కూడా కష్టం. ఎవరు వాట్సాప్ గ్రూపులో ఎంత మెచ్చుకున్నా సరే, ఆ కాంట్రాక్టర్ లైసెన్సు డీపీఓఆర్ (వర్జీనియాలో లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ) వెబ్‌సైట్‌లో చూసుకోండి.

హాలు వదిలేయండి. సిమెంటు నేల మీద రగ్గు పరిచి పిల్లలకి క్యారమ్ బోర్డు వేస్తే చాలు. బాత్‌రూమ్ మాత్రం తీసేయొద్దు. అర్ధరాత్రి పెద్దవాళ్ళని మెట్లెక్కించే గది ఎందుకు? అసలు పగలు ఆ మెట్లు ఎక్కడానికి అమ్మగారి మోకాళ్ళు సహకరిస్తాయా? ఇది ఫోన్‌లో అడిగితే చెప్పరు, వచ్చాక మీరే చూడాలి.

గది, బాత్‌రూమ్ కలిపి 34,000. గోడ విప్పాక బయటపడే వాటికి 15 శాతం కలిపితే 39,100. అందుకే పని ఏడాదిన్నర వాయిదా వేయండి. నెలకి 1,800 చొప్పున దాస్తే అప్పటికి 32,400 అవుతుంది. తగ్గే 6,700కి బోనస్ వస్తే సరి, లేకపోతే హోమ్ ఈక్విటీ లైన్ ఆఫ్ క్రెడిట్ (ఇంటి మీద, కావాల్సినంత తీసుకునే అప్పు) వాడండి. దాని వడ్డీ రేటు సాధారణంగా మారుతూ ఉంటుంది, కాబట్టి అంతకు మించి తీయొద్దు. ఇంటి పనికి వాడారు కనుక వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందంటారు. నిజమే, కానీ ఖర్చులు విడివిడిగా చూపించకుండా స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఉండే స్థిర మినహాయింపు) తీసుకునేవాళ్ళకి ఒక్క డాలరూ కలిసిరాదు.

ఈ మేలో వచ్చినప్పుడు అమ్మానాన్నలకి పిల్లల గది ఇచ్చి, పిల్లల్ని సోఫా బెడ్ మీద పడుకోబెట్టండి. ఈలోగా రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి వచ్చే, ఊపిరితిత్తులకి హాని చేసే వాయువు) టెస్టు చేయండి. లీటరు గాలికి 4 పికోక్యూరీలు లేదా ఎక్కువ వస్తే గోడలు మూయకముందే ఆ వాయువు బయటికి పోయే పైపు వేయించాలి. వానాకాలంలో గోడల మూలలు తడుస్తాయేమో చూడండి. ఇన్సూరెన్స్‌లో వాటర్ బ్యాకప్ కవర్ (డ్రైనేజీ నీళ్ళు వెనక్కి తన్ని ఇంట్లోకి వస్తే ఇచ్చే పరిహారం) ఉందో లేదో అడగండి, మామూలు పాలసీలో తరచూ ఉండదు.

పని మొదలయ్యాక సగం డబ్బు ముందే ఇవ్వమంటే ఒప్పుకోకండి. ఫ్రేమింగ్, వైరింగ్, ప్లంబింగ్ ఒక్కోటి కౌంటీ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే ఒక్కో వాయిదా ఇవ్వండి. చివరి 10 శాతం ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.