టెక్ సందేహాలు: పెన్‌డ్రైవ్ కంటే ముందు కంప్యూటర్‌ని శుభ్రం చేయండి

ప్రశ్న: జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకొచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. ఫార్మాట్ చేసి ఇంటి కంప్యూటర్‌కి పెడితే మళ్లీ అంతే. ఇంకో పెన్‌డ్రైవ్ పెడితే అదీ అలాగే అయింది. అందులో మా అమ్మాయి ప్రాజెక్టు ఫైల్స్ ఉన్నాయి, పోయినట్టేనా? మాది విండోస్ 11.
- ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: ఆ రెండో పెన్‌డ్రైవ్‌ని మాత్రం ఫార్మాట్ చేయకండి. ఫైల్స్ చాలావరకు అందులోనే ఉంటాయి. వైరస్ వాటిని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్‌తో పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ దానంతటదే నడవడం ఆగిపోయింది. అందుకే ఈ రకం వైరస్‌లు మనచేతే డబుల్ క్లిక్ చేయించుకుంటాయి. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ గడి చూడండి. సీఎండీ అనో డబ్ల్యూస్క్రిప్ట్ అనో ఉండి, వెనకే ఏదో స్క్రిప్ట్ (కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే చిన్న ఫైల్) పేరు కనిపిస్తే అది వైరస్సే. అది మీ కంప్యూటర్‌లో తిష్ఠవేసి, పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటిస్తోంది. కాబట్టి ముందు వైద్యం కంప్యూటర్‌కి.

పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ తెరిచి అప్‌డేట్ చేయండి. స్కాన్ కంటే ముందు అక్కడే ‘మేనేజ్ సెట్టింగ్స్’లో ‘ఎక్స్‌క్లూజన్స్’ చూడండి. చాలామంది వదిలేసే చోటు ఇదే. సీ డ్రైవ్ మొత్తమో, మీకు తెలియని ఫోల్డరో అందులో ఉంటే తీసేయండి, ఎందుకంటే ఆ జాబితాలో ఉన్నవాటిని డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) స్కాన్ చేయదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు ఇలాంటివి చేరుతుంటాయి.

తర్వాత ‘స్కాన్ ఆప్షన్స్’లో ‘మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. పనులన్నీ సేవ్ చేసుకోండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, సుమారు 15 నిమిషాలు స్కాన్ జరుగుతుంది. మామూలు స్కాన్ ఎందుకు చాలదంటే, విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ స్క్రిప్ట్ కూడా నడుస్తూనే ఉండవచ్చు. మీరు చెరిపింది చెరిపినట్టే మళ్లీ రాసేస్తుంది. ఆఫ్‌లైన్ స్కాన్‌లో దానికి ఆ అవకాశం ఉండదు. ఏం దొరికిందో ‘ప్రొటెక్షన్ హిస్టరీ’లో కనిపిస్తుంది.

మిగిలిన వేర్లూ చూడాలి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌లో ‘విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్’ అని ఉంటే డిసేబుల్ చేయండి. టాస్క్ షెడ్యూలర్‌లో కొద్ది నిమిషాలకోసారి ఏదో స్క్రిప్ట్‌ని నడిపే టాస్క్ ఉంటే డిలీట్ చేయండి. డబ్ల్యూస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌ని మాత్రం ముట్టుకోవద్దు, అది విండోస్‌దే. అది నడిపిస్తున్న ఫైలే దొంగ.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టండి. లోపలి షార్ట్‌కట్ వేటినీ నొక్కకుండా, డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పెన్‌డ్రైవ్ అక్షరం ఎఫ్ అయితే ‘ఎఫ్:’ కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ డ్రైవ్‌లోకి వెళ్లారని చూసుకున్నాకే ‘అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ /ఎస్ /డి’ కొట్టండి. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే, అట్రిబ్‌లో టి రెండుసార్లు వస్తుంది, ప్రతి మైనస్‌కీ, ప్రతి ఏటవాలు గీతకీ (/) ముందు ఖాళీ వదలాలి. దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. కొన్నిసార్లు పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది. కంగారుపడకండి, మీ ఫైల్స్ అన్నీ అందులోనే కుక్కి ఉంటాయి.

కాపీ చేసేముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ‘వ్యూ’లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేయండి. పీడీఎఫ్ బొమ్మ వేసుకుని చివర ఈఎక్స్ఈ (అంటే ప్రోగ్రామ్) తోక ఉన్న ఫైల్ అప్పుడే దొరుకుతుంది. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కంప్యూటర్‌లోకి తీసుకుని, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి.

అనుమానం తీరకపోతే ‘మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్’తో ఇంకోసారి చూడండి. డౌన్‌లోడ్ చేసిన 10 రోజులకే దాని గడువు తీరిపోతుంది, కాబట్టి పాతది పనికిరాదు. ప్రొటెక్షన్ హిస్టరీలో ‘ట్రోజన్’, ‘పాస్‌వర్డ్ స్టీలర్’ లాంటి పేర్లు కనిపిస్తే బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చండి. అదీ ఈ కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో. ఇకపై ప్రింట్లకు పీడీఎఫ్‌ని షాపువాళ్లకు ఈమెయిల్ చేయండి. తప్పదంటే, ఆ ఒక్క ఫైల్ తప్ప ఇంకేమీ లేని పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

ప్రశ్న: స్క్రీన్ కుడివైపు కింద ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి’ అని క్రోమ్‌లో పదేపదే వస్తోంది. స్కాన్‌లో ఏమీ దొరకలేదు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్కాన్ చెప్పిందే నిజం అయ్యుంటుంది. ఏదో సైట్‌లో మీరు ‘అలో’ నొక్కారు, అది నోటిఫికేషన్లు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, అనుమతి ఉన్న జాబితాలో తెలియని సైట్లన్నీ తీసేయండి. హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉంటే చేయకండి, మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. ఇప్పటికే చేసి డబ్బు పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఆ మోసగాళ్లు వేయించిన, దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ ఏదైనా ఉంటే ముందు నెట్ ఆపి, తర్వాత దాన్ని తీసేయండి.